గుర్రమెక్కే హీరో

"ఈ ఒక్క షాటన్నా మొహానికి గుడ్డ లేకుండా చేస్తా సార్. లేకపోతే గుర్రం ఎక్కను."

అక్రం ఆ మాట అనేసరికి గురజాల పక్కనున్న నాపరాళ్ల క్వారీలో షూటింగ్ ఆగిపోయింది. అక్రం నరసరావుపేటలో గేదెలు కాసుకుంటూ, పెళ్లి ఊరేగింపులకు సొంత గుర్రాన్ని తోలే మనిషి. ఈ కౌబాయ్ సినిమాలో హీరో క్రాంతి కుమార్‌కు డూప్. హీరోకు గుర్రమంటే భయం. అందుకని షూటింగ్ మొదలైన నిన్నటి నుంచీ, హీరో టోపీ తను పెట్టుకుని, ముక్కు మీదిదాకా గుడ్డ కట్టుకుని, అక్రమే గుర్రాన్ని దౌడు తీయిస్తున్నాడు.

"ఏందయ్యా నీ గోల?" అన్నాడు డైరెక్టర్ ఉపేంద్ర.

"మా ఆడోళ్లు చూడ్డానికొచ్చారు సార్. నేను సినిమాలో చేస్తన్నానంటే మా వీధిలో ఒక్కళ్లు నమ్మట్లా. మా సైమాని చూసి నవ్వుతన్నారంట."

జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల, అతని భార్య సైమా పక్కింటి మెహ్జబీన్‌తో కలిసి ఎండలో నిలబడి ఉంది.

క్రాంతి కుమార్ కుర్చీలోంచి లేచాడు. "వాడి మొహం కెమెరాలో పడితే నేను కారెక్కి వెళ్లిపోతా."

నిన్నంతా తీసింది దౌడు సీన్లే. వాటిలో హీరో ఎక్కడా లేడు. ఉపేంద్ర కెమెరా దగ్గరికి వెళ్లి, "గుడ్డ తియ్," అన్నాడు అక్రంతో.

అక్రం తీశాడు.

"కోపంగా ఏదన్నా మాట్లాడు."

అక్రం గొంతు పెంచకుండా, కళ్లు తిప్పకుండా అన్నాడు. "పొద్దున్నించి నా గుర్రానికి నీళ్లు కూడా పెట్టలేదు మీరు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఉపేంద్ర నవ్వలేదు.

"ఇయ్యాల్టి నుంచి హీరోవి నువ్వే."

క్రాంతి కుమార్ కారు దుమ్ము లేపుకుంటూ కదిలింది. మలుపు దగ్గర కాసేపు ఆగింది. ఎవరూ పిలవకపోయేసరికి వెళ్లిపోయింది.

గుర్రానికి నీళ్లు పెట్టారు. అక్రం మొహానికి రంగు వేశారు, కొత్త తోలు కోటు తొడిగారు.

"నిజంగానే మీ ఆయనేనే," అంది మెహ్జబీన్.

"నేను చెప్తే నవ్వితిరి గదక్కా," అంటూ సైమా కళ్లు తుడుచుకుని, ఫోన్ ఎత్తి వీడియో మొదలుపెట్టింది.

అక్రం ఒకసారి అటు చూశాడు. కళ్లెం అందుకుని రికాబులో కాలు పెట్టాడు.

ఉపేంద్ర పరుగున వచ్చి అతని కోటు పట్టుకుని కిందికి లాగాడు. "దిగు దిగు. హీరోకి కాలు విరిగితే సినిమా ఆగిపోద్ది. నువ్వు పోయి కూర్చో, డూప్‌ని పిలిపిస్తా."