గోడమీది రొట్టె

ఎలుకల రాకకు గల కారణాలపై ముకద్దస్ అత్త రోజూ పొద్దున్నే కోడలు నోదిరాకు ప్రవచనం చెప్పేది. ముందుపళ్ళు రెండూ ఊడినా ఆ నోటికి పదును తగ్గలేదు.

"రొట్టె ముక్కలు ఊడ్చవు, పిండి డబ్బాకి మూత పెట్టవు, గోడకి కన్నం పూడ్చవు. ఎలుకలు రాక ఏనుగులొస్తాయా? మీ పుట్టింట్లో వాటిని పెంచుతారేమో."

నోదిరా పూడ్చని కన్నం లేదు. ఒక్క అత్తగారి మంచం కిందికే ఆమెకు ప్రవేశం లేదు. అక్కడ ఎండు ఆప్రికాట్ల బస్తా కొలువై ఉంది.

"నా కొడుకు కొరికెళ్ళిన రొట్టెకి ఎలుక మూతి తగిలిందో, నువ్వు పుట్టింటికే."

మా బుఖారాలో సైన్యానికి వెళ్ళేవాడు ఒక రొట్టె కొరికి వెళతాడు. తిరిగొచ్చి మిగతాది తినేదాకా అది గోడకు వేలాడాలి.

నిన్న కొడుకు వచ్చాడు. బంధువులందరి ముందు రొట్టె దించి, గాటుకు తన పళ్ళు ఆనించి చూశాడు. కుదరలేదు. గాటు నడుమ రెండు పళ్ళంత రొట్టె చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.

"అమ్మా, ఇది నేను కొరికింది కాదే."

అత్త చప్పున చేత్తో నోరు కప్పుకుంది.

నోదిరా వినయంగా రొట్టె అందుకుంది. "అసలుది ఎలుకలు తినేసుంటాయి అత్తయ్యా. మీ మంచం కిందికి చీపురు తేనా?"