మంగళవారం ఆలస్యం

సాయంత్రం బడి వదలగానే గేటు మీది బోర్డు ఆ రోజు వేసిన శిక్షలన్నీ పైకి చదువుతుంది. ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా అంతే. పిల్లల పేర్లుండవు. తప్పు, శిక్ష, వీధి మాత్రం ఉంటాయి. కూరలు బేరమాడేవాళ్ళు కూడా కాసేపు ఆగి వింటారు. పక్క ఊరి బడికి ఏడాదంతా సున్నాలే, అక్కడ చదివేది పిల్లలు కాదు దేవతలన్నట్టు! మా హెడ్మాస్టరమ్మ సలోమి మాత్రం ఏదీ దాచదు.

ఆ మంగళవారం బోర్డు ఇలా చదివింది: "ఆలస్యం. ఏడుగురు. మొదటి పీరియడ్ అంతా గేటు బయట నిలబెట్టాం. అందరిదీ రాళ్ళవీధి. ఈ నెల ప్రతి మంగళవారం ఇంతే."

నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఖాశింపీరా టీ గ్లాసు కింద పెట్టి నేరుగా బళ్ళోకి వెళ్ళాడు.

"అమ్మా, మంగళవారం రాళ్ళవీధికి నీళ్ళు తోలేది నేనే. ఆలస్యంగా, సరిగ్గా బడి టైముకే పోతన్నా. బిందెలు పట్టేది ఆ పిల్లోళ్ళే గదా! ఇకనుంచి తెల్లారకముందే తోలతా."

సలోమి లేచి నిలబడింది. "ఎందుకు ఆలస్యమైందని నేనూ అడగలేదు పీరా. బోర్డు దిద్దిస్తా. నీ పేరు రానియ్యనులే."

"రానీండమ్మా. పిల్లోళ్ళ మీద పడ్డ మాట పోవాల గదా."

మర్నాడు సాయంత్రం బోర్డు చదివింది: "దిద్దుబాటు. రాళ్ళవీధి పిల్లల తప్పు లేదు. ఆలస్యంగా వచ్చింది నీళ్ళ ట్యాంకరు, డ్రైవరు ఖాశింపీరా. కారణం అడగకుండా శిక్షించింది హెడ్మాస్టరు సలోమి."

అది చదువుతున్నంతసేపూ ఖాశింపీరా గేటు బయట, పిల్లల్ని నిలబెట్టిన చోటే, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. చివరి మాట వినపడేసరికి సలోమి కూడా వచ్చి అతని పక్కన నిలబడింది.