సాలీళ్ళ పిల్ల

"ఆ ముసలావిడ గోడని కర్రతో కొడుతోందేమిటి?"

గాస్పార్ కళ్ళు చిట్లించాడు. కొనేవాళ్ళ కోసం తెరిచి ఉంచిన నేలమాళిగ నిండా అతని అపురూపమైన వైన్ సీసాలు. అతనికి తన నీడ మీద కూడా అనుమానమే.

ఆవిడ ఎప్పుడొచ్చినా ముందు ఆ తైలవర్ణ చిత్రం దగ్గరే నిలబడుతుంది. వేలంలో కొన్నాడు దాన్ని. రెక్కలొచ్చిన సీసాలు రాతిగోడలోకి ఎగిరిపోతుంటాయి. గోడ ముందు ఒక చిన్నపిల్ల ఒళ్ళోంచి సాలీళ్ళను వదులుతుంటుంది. తనలాంటి సీసాల పిచ్చివాళ్ళకి ఇంతకన్నా పొగడ్త లేదని గాస్పార్ మురిసిపోయేవాడు. సాలీళ్ళెందుకో మాత్రం అర్థం కాలేదు.

"ఏమ్మా, ఏం వెతుకుతున్నావ్?"

"పాత యజమాని సీసాలు దొరికాయా బాబూ?"

గాస్పార్ ఆవిడకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. రెండో ప్రపంచయుద్ధంలో మాయమైన ఆ సీసాల కోసమే ఈ ఇల్లు కొన్నాడు. తోటంతా తవ్వించాడు.

"నీకెందుకు?"

"మన బుర్గుండీ సీమలో వైన్ మాళిగ దిగినవాళ్ళకి గ్లాసు పొయ్యకుండా పంపరు. ఒక గ్లాసు పొయ్యి. కూర్చుని మాట్లాడుకుందాం."

"కొనేవాళ్ళకే గ్లాసు! ముందు గోడలు తడతారు, తర్వాత తాళాలు. నీలాంటివాళ్ళని చాలామందిని చూశాను. నడు!"

ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

చలికాలంలో ఒకరోజు పక్కింటి తిబో ఎవరి అంత్యక్రియల నుంచో వస్తూ మాళిగ దిగాడు. చిత్రం చూడగానే టోపీ తీసేశాడు.

"ఈ కథ నీకు తెలీదా? జర్మన్ల కంట పడకుండా ఇక్కడి పనివాడు సీసాలకి అడ్డంగా గోడ కట్టాడు. కొత్త గోడని గుర్తుపట్టేస్తారని వాడి కూతురు కట్టెలగదిలోని సాలీళ్ళని ఒళ్ళో పోసుకొచ్చి వదిలింది. తెల్లారేసరికి గూళ్ళు అల్లేశాయి. తండ్రినీ యజమానినీ పట్టుకుపోయారు. ఆ గోడ ఏదో ఎవరడిగినా పిల్ల నోరు విప్పలేదు. 'చెబితే ఈ ఇంటి యజమానికే చెప్పు' అన్నాడట తండ్రి."

గాస్పార్ అదిరిపడ్డాడు. కర్ర చప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మో! ఆ ముసలి దొంగ దాకా వెళ్ళిందన్నమాట ఈ రహస్యం!"

సుత్తి అందుకుని, ఆవిడ కొట్టినచోటే కొట్టాడు. రాళ్ళు కూలాయి. దుమ్ము పట్టిన సీసాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

గాస్పార్‌కి కన్నీళ్ళొచ్చాయి. ఒక సీసా తెరిచి గ్లాసులో పోశాడు.

"ఆ పిల్ల బతికుంటే మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చేవాణ్ణి, తిబో!"

తిబో చిత్రం వంకే చూస్తున్నాడు.

"ఈ బొమ్మ గీసింది కూడా ఆవిడే. ఇవాళే మట్టిచేసి వచ్చాం," అన్నాడు. "పాపం, చేతికర్ర కూడా పక్కనే పెట్టాం."