నమిలిన ముద్ద

"బుగ్గలతో కాదు, కడుపులోంచి ఊదు," అంది నర్సు డోరిన్, సంచీ గొట్టం నివియాక్ నోట్లో పెట్టి.

నివియాక్ ఊదింది. సంచీ ఉబ్బింది.

"ఇంతేనా?" అంది బెంచీ మీది ఉలురియాక్. "దీనికోసం విమానమేసుకుని వచ్చారా? మా కుక్కనడిగితే వాసన చూసి చెప్పేది."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. డోరిన్ నవ్వలేదు. ఆమె వచ్చి మూడు వారాలైంది, ఇంకో మూడు వారాల్లో వెళ్లిపోతుంది. ఉత్తరాన మంచు కొసనున్న మా ఊరికొచ్చే నర్సులందరూ అంతే. మా పేర్లకి నోరు తిరిగేలోపు విమానం ఎక్కేస్తారు.

"అమ్మా, నీ పనయ్యాక నాకు కాస్త టీ పొయ్యవే," అంది ఉలురియాక్. డెబ్బై దాటిన మనిషి, ఇరవై ఆరేళ్ల నివియాక్‌ని ఎప్పుడూ అమ్మా అనే పిలుస్తుంది. పోయిన వాళ్లమ్మ పేరే ఈ పిల్లకి పెట్టారు మరి. పేరు ఎవరిదైతే మాకు మనిషీ వాళ్లే. "కన్నదానివి, ఆ మాత్రం చెయ్యలేవా?"

"కన్నందుకు అనుభవిస్తూనే ఉన్నాగా!"

మళ్లీ నవ్వులు. ముసలావిడ టీ వెతుక్కుంటూ తనే బయటికి పోయింది.

కాసేపటికి యంత్రం కాగితం కక్కింది. "ఉంది," అంది డోరిన్. "కడుపులో పురుగు. అదే, బాక్టీరియా."

ఊళ్లో పదిమంది ఊదితే ఏడుగురికి ఉంటోంది. ఉండక ఏం చేస్తుంది? రెండు గదుల్లో పదకొండు మంది పడుకోవాలి. నీళ్ల లారీ వారానికి రెండుసార్లు వస్తే గొప్ప. పై అధికారులు మాత్రం తప్పంతా మా అలవాట్లదేనని రాసుకుంటారు.

ఆ పురుగు పుండు పెడుతుందనీ, కొందరిలో అది క్యాన్సరవుతుందనీ నివియాక్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. నిరుడు నాన్నని ఆ జబ్బుతోనే దక్షిణాన పట్నం ఆసుపత్రికి విమానం ఎక్కించింది. దుప్పట్లో చుట్టిన కర్రలా ఉన్నాడు. ఇక రాడని ఏడుస్తుంటే, "వస్తాడే, మనల్నొదిలి ఎక్కడికి పోతాడు?" అంది ఉలురియాక్. అన్నట్టే అయింది. చలికాలం వెళ్లకముందే నాన్న ఇంటికొచ్చేశాడు.

నివియాక్ గొంతు తగ్గించింది. "ఒకటి అడగాలి. నాన్నకి మాంసం నేనే నమిలి పెడుతున్నా. తప్పా?"

"పళ్లు లేవా ఆయనకి?"

"కింద రెండున్నాయి."

డోరిన్ మొదటిసారి నవ్వింది.

"నవ్వకండి. ఆ నొప్పి నాన్నకి మళ్లీ రాకూడదు. ఒకసారి చూశాను. ఇంకోసారి నా వల్ల కాదు. మీరు వద్దంటే ఈ క్షణం మానేస్తా."

"ఈ నమిలి పెట్టడం ఎవరు నేర్పారు?"

"నాన్నే. చిన్నప్పుడు నాకు ఆయనే నమిలి పెట్టేవాడు."

"పేరు?"

"కిల్లాక్."

డోరిన్ జాబితా తిరగేసింది. అది నాలుగేళ్ల నాటిది. కొత్తది రాయమని మేం అడిగీ అడిగీ విసిగిపోయాం. వయసుతో సహా పేరు దొరికింది. దాని పక్కన చిన్న గీత పెట్టి, తలుపు బయటి వరసకేసి చూసి, గబగబా చెప్పింది:

"చూడు, నీకిది ఆయన దగ్గర్నుంచే వచ్చుంటుంది. ఇక నువ్వు ఆయనకి కొత్తగా అంటించేదేముంది? ఈ మందులు ఆయన తట్టుకోలేడు. పరీక్ష కూడా వద్దు. నమిలి పెట్టు, హాయిగా తిననీ. నీ మందులు వచ్చే విమానంలో వస్తాయి. తర్వాతెవరు?"

నిజమే కదా, అనుకుంది నివియాక్. ఆయన పెట్టిందే తిరిగి ఆయనకి పెడుతోంది. నెల రోజులుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. మంచులో దాదాపు పరుగెత్తుతూ ఇల్లు చేరింది.

గుమ్మంలోనే మొగుడు ఎదురొచ్చాడు. "వచ్చావా తల్లీ! మీ నాన్న లేచి గంటయింది. ఆకలని ఒకటే అరుపులు. నా జుట్టు పట్టుకుని లాగాడు. నీతో పెళ్లి అన్నప్పట్నుంచీ ఉన్న కోపం ఆయనకింకా పోలేదు."

"పోదు కూడా," అంది నివియాక్.

కుండలోంచి కారిబూ దుప్పి మాంసం ముక్క తీసింది. నరాలు ఏరేసి, మెత్తగా, ఓపిగ్గా నమిలింది. ముద్దని వేలి కొసన పెట్టుకుని దగ్గర కూర్చుంది.

"నాన్నా, నోరు తెరువు."

తెరిచాడు. మింగేసి, ఇంకా కావాలని చెయ్యి చాపాడు.

"ఎంత కావాలంటే అంత," అంది నివియాక్ కళ్లు తుడుచుకుంటూ. "నర్సు పెట్టమంది."

ఇంకో ముద్ద నమిలింది.

నాన్నకి నిన్నటితో తొమ్మిది నెలలు నిండాయి.