ఎక్కాల మాస్టారు ఎక్కిన బస్సు

“ముందు ఆ పళ్ళెం కింద పెట్టి నేను చెప్పేది వినండి!”

ఎక్కాల మాస్టారి కేకకి కిటికీ అద్దాలు అదిరాయి గానీ పళ్ళెం మాత్రం ఆగలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్న మనిషికి నలభై ఏళ్ళుంటాయి. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, నెత్తిన కాగితం టోపీ. పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. అతని వెనక జంటలు జంటలుగా పన్నెండు బుల్లి కుర్చీలు, వాటిలో పిల్లలు.

“కింద పెడితే బస్సు చెరువులో పడుతుందండీ. ఎక్కి మాట్లాడండి,” అన్నాడతను వినయంగా.

మాస్టారికి ఒళ్ళు మండింది. ఆయన దగ్గర చదివే పిల్లలు నిద్రలో లేపి అడిగినా పంతొమ్మిదో ఎక్కం అప్పజెబుతారు. దీపం కిందే చీకటన్నట్టు, సొంత కూతురికి మాత్రం ఎనిమిది దాటి అంకె రాదు. తొమ్మిది అనమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అందుకే ఇవాళ మొట్టమొదటిసారి ఈ బడి గుమ్మం తొక్కాడు. సాయంత్రంలోగా ఇక్కడి సర్టిఫికెట్ పట్టుకెళ్తే, పెద్ద బడిలో మిగిలిన ఒక్క సీటూ పాపది. దాని దరఖాస్తు ఆయన జేబులోనే ఉంది.

“మా పాపకి అయిదు నిండాయండీ! బడి నుంచి రోజూ ఏం తెస్తోందో తెలుసా? జేబునిండా గులకరాళ్ళు! ఏం చేశావే అంటే ఆడుకున్నానంటుంది. ఆడుకోడానికి మా వీధి లేదా?”

“నిజమేనండీ. మొదట్లో నాకూ అలాగే ఒళ్ళు మండింది,” అన్నాడతను పళ్ళేన్ని కుడివైపుకి గట్టిగా తిప్పుతూ. పిల్లలంతా ఒక్కసారిగా ఎడమకి ఒరిగారు.

“మీకిది చెలగాటం, నాకు ప్రాణసంకటం! మర్యాదగా సర్టిఫికెట్ ఇప్పించండి.”

“అడ్డం లే నాయనా, గాలాడ్డం లేదు,” అని వెనక సీట్లోంచి ఓ పెద్దావిడ కసిరింది. ముసుగేసుకుని, ఒళ్ళో ఖాళీ బుట్ట పెట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో ఓ గుడ్డ మేక. ఆయా అయ్యుంటుంది, ఈవిడకీ పనీపాటా లేనట్టుంది అనుకున్నాడు మాస్టారు.

ఇంతలో మెడలో ఈల, చెవిమీద పెన్సిలు, భుజాన సంచీతో కండక్టరు వచ్చింది. మాస్టారి కూతురే.

“ఎవరండీ ఫుట్‌బోర్డు మీద? లోపలికి రండి!”

“పాపా, నేనే, నాన్నని.”

“నాన్నయినా టికెట్ తీసుకోవాల్సిందే. టికెట్ లేకుండా అరవకూడదు.” ఓ ఎండుటాకు ఆయన చేతిలో పెట్టింది.

“చోటుందో లేదో చూడకుండా టికెట్ ఇచ్చేస్తావా కండక్టరమ్మా?” అని ముసుగులోంచి పెద్దావిడ దెప్పింది.

పాప వరస వెంట వేలు చూపిస్తూ నడిచింది. “ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. మేకతో పదకొండు. పన్నెండులో ఇంకొక్కటే ఖాళీ. త్వరగా కూర్చోండి నాన్నా, బస్సు బయల్దేరుతోంది!”

మాస్టారు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక అడిగాడు. “తొమ్మిది దగ్గర ఏడవలేదేంరా తల్లీ?”

“తొమ్మిది ఈ ముసుగు బామ్మ కదా! బామ్మని వదిలేసి పోతామా?”

మాస్టారి కళ్ళు చెమర్చాయి. అయినా మాస్టారు మాస్టారే, ప్రశ్న వేయకుండా ఉండలేడు. “సరే కండక్టరుగారూ, వచ్చే స్టాపులో నలుగురు దిగి, ఇద్దరు ఎక్కితే?”

పాప ఈల ఊదింది. బస్సు ఆగింది. నలుగురు దూకారు, వాళ్ళలోనే ఇద్దరు మీసాలు దిద్దుకుని కొత్త మనుషులై ఎక్కారు. పాప ఖాళీ కుర్చీలవంక చూసింది.

“రెండు సీట్లు ఖాళీ. మేక కూడా దిగితే మూడు.”

మాస్టారు పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత బస్సు రెండు కొండలెక్కింది, ఓ వాగులో దిగబడింది. దిగి తోసినవాళ్ళలో మాస్టారే ముందున్నాడు. హారన్ పాడైతే నోటితో ఆయనే మోగించాడు. మధ్యదారిలో ఎండుటాకులు అయిపోయాయి.

“టికెట్లు లేవు. బస్సు ఆపెయ్యాలి,” అంది పాప దిగులుగా.

మాస్టారు జేబులో చెయ్యి పెట్టాడు. పెద్ద బడి దరఖాస్తు తీసి, మడతలు పెట్టి, సమంగా పన్నెండు ముక్కలు చింపాడు. “పోనివ్వండి రైట్!” అని తనే అరిచాడు.

ఇంటిగంట కొట్టేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. పిల్లలు బిలబిలా బయటికి పరిగెత్తారు. మాస్టారు డ్రైవరు దగ్గరకెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నోటికొచ్చినట్టు మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి. నేనూ ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణే. మీలాంటి టీచర్ని చూడలేదు. ఈ బళ్ళో ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు?”

అతను కాగితం టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. మేకని బుట్టలో సర్దుకుంటున్న పెద్దావిడవైపు చూపించాడు.

“టీచరుగారు ఆవిడండీ. నేను మావాడి సర్టిఫికెట్ కోసం సోమవారం వచ్చాను. ఇవాళ గురువారం, నా స్టాపు ఇంకా రాలేదు.”