సాక్ష్యానికి పనికిరానివాడు

"ఉద్యోగం రాలే, పిల్ల రాలే. మరి ఏమొచ్చిందని సాక్ష్యం చెప్తవు?"

శోభారాణి గద్దింపు వింటే, నగేశ్ సాక్ష్యం చెప్పడానికి కాదు, రేషను బియ్యం అడగడానికి వచ్చాడనుకుంటారు. ఆమె మహబూబాబాద్‌లోని ఆ ప్రార్థనా మందిరం పాస్టరు భార్య. అందరికీ అమ్మగారు. దేవుడి వల్ల మేలు పొందినవాళ్లు వేదికెక్కి నలుగురికీ చెప్పుకునే ఆదివారమది. ఎవరు ఎక్కాలో, ఎవరు కింద కూర్చొని చప్పట్లు కొట్టాలో తేల్చేది ఆమే. రోగం పోయినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, కొడుకు పుట్టినవాళ్లు ముందు. ఏదీ రానివాళ్లకు చాపలు మడతపెట్టే పని.

నగేశ్ ఆ రెండో రకం. ఫైనాన్సు కంపెనీ వాళ్లు పనిలోంచి తీసేశారు. పని పోయినవాడికి పిల్లనెట్లా ఇస్తామని, వాడు ఇష్టపడ్డ వసంత ఇంటివాళ్లు ఆమెకు వేరే చోట పెళ్లి చేశారు. వసంత కూడా పెద్దగా ఏడ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

"నెమ్మది వచ్చింది అమ్మగారూ," అన్నాడు నగేశ్.

"నెమ్మదా?" ఆమె మూతి తిప్పింది. "నెమ్మది ఫోన్ల కనవడ్తదా? లైవ్ చూసెటోళ్లకు ఏం చూపెట్టాలె, నీ మొఖమా?"

అంతలో ఏదో తట్టినట్టు గొంతు తగ్గించింది.

"ఇగో, ఇను. ముందు వరుసల కూసున్నడు చూడు, జగపతి సారు. ఆయన బియ్యం మిల్లుల గుమాస్తా కావాలె. నేను మాట్లాడిన. నువ్వు మైకు పట్టుకొని 'ప్రార్థన చేసిన, ఉద్యోగం వచ్చింది' అను. ఆయన గక్కడికక్కడ లేచి 'రేపటి సంది పనికి రా' అంటడు."

జగపతి క్రైస్తవుడు కాదు. గుడికి పిలిస్తే గుడికి, దర్గాకు పిలిస్తే దర్గాకు, ఇక్కడికి పిలిస్తే ఇక్కడికి వచ్చే మనిషి. ఓట్లు అన్నిచోట్లా ఉంటాయని ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ మందిరంలో అంత గట్టి విశ్వాసి ఇంకొకడు లేడు.

"పని దొరికినంక చెప్తే కాదా అమ్మగారూ? ఇంక రాలే గదా?"

"వచ్చినంక చెప్తే అది ముచ్చట. రాకముందు చెప్తేనే విశ్వాసం. గంత గూడ తెల్వకుంటనే వాక్యం ఇంటున్నవా?"

నగేశ్‌కు ఆ ఉద్యోగం కావాలి. గుమాస్తా అన్న మాట వినగానే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు అవ్వా అని పిలిచే తల్లి సాలమ్మ మిరపకాయలు ఏరే కూలికి పోతోంది. ఆమె కష్టం మీద తినే ప్రతి ముద్దకూ వాడికి సిగ్గేస్తోంది. ఒక్క అబద్ధం చాలు. అదీ దేవుణ్ణి పొగిడే అబద్ధమే!

వాడు వేదికెక్కాడు. మైకు అందుకోగానే అమ్మగారి భాష మారిపోయింది.

"ప్రియులారా! ఈ సహోదరుని జీవితంలో ప్రభువు చేసిన అద్భుతకార్యాన్ని విందాం!"

కీబోర్డు మోగింది. పెద్ద కుర్చీలో పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకొని, నేరుగా పరలోకంతోనే మాట్లాడుతున్నట్టు కూర్చున్నాడు. లేవాల్సిన సమయం దగ్గరపడిందని జగపతి కండువా సర్దుకున్నాడు.

"అందరికి వందనాలు," అన్నాడు నగేశ్. "నా ఉద్యోగం పోయింది. ఇంక రాలేదు. నేను చేసుకుందామనుకున్న పిల్లకు వేరే పెండ్లయింది. గామె గూడ ఇగ రాదు."

కీబోర్డు కుర్రాడు ఎక్కడ ఆపాలో తెలియక వాయిస్తూనే ఉన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"డోర్నకల్‌ల రైలు పట్టాల పొంటి నడిచిన. సావాలనే పోయిన. పెద్ద చర్చిల గంట కొడుతున్నరు. ఏడ్పొచ్చి కూలవడ్డ. 'ఏసయ్యా, నువ్వన్న ఉన్నవా' అన్న. పక్కన ఎవరో వచ్చి కూసున్నట్టయింది. ఉద్యోగం ఇస్త అనలే. పిల్లను తెస్త అనలే. ఊకె కూసున్నడు. లేచి ఇంటికొచ్చిన. మా అవ్వ పెట్టిన అన్నం తిని పండుకున్న. నిద్ర పట్టింది. గంతే నా సాక్ష్యం."

హల్లెలూయ అనడానికి తెరిచిన నోళ్లు అట్లాగే మూతపడ్డాయి. అన్నం తిని పడుకోవడం కూడా అద్భుతమేనా? అదయితే వాళ్లందరూ రోజూ చేస్తున్నదే. ఫోను పట్టుకున్న అమ్మాయి లైవ్ ఆపేసింది. జగపతి లేచాడు గానీ పని ఇవ్వడానికి కాదు, ఇంకో మీటింగుందని. గుమాస్తా ఉద్యోగం కూడా ఆయన వెంటే కారెక్కి పోయింది.

శోభారాణి మైకు లాక్కుంది.

"కొందరి విశ్వాసం ఇంకా పాలు తాగే దశలోనే ఉంది ప్రియులారా!" అంటూ నవ్వింది. జనమూ నవ్వారు. అమ్మగారు నవ్వితే నవ్వాలి, అది అక్కడి ఆచారం.

కూటం ముగిసింది. నగేశ్ అందరి చాపలూ మడతపెట్టి, బయట చెప్పులు వేసుకుంటుంటే అమ్మగారు వెనకాలే వచ్చింది. తిట్లు ఇంకా మిగిలి ఉన్నట్టున్నాయని వాడు తల వంచుకున్నాడు.

"బుద్ధున్నదా నీకు? నోటికాడి బుక్క నేలపాలు చేసుకుంటివి!"

"తప్పయింది అమ్మగారూ. అబద్ధం నోట్లకెళ్లి రాలే."

ఆమె అటూ ఇటూ చూసింది. దగ్గరలో ఎవరూ లేరు. అప్పటిదాకా మైకు అక్కర్లేని ఆ గొంతు ఒక్కసారిగా సన్నబడింది.

"నిజం చెప్పు. నిజంగనే వచ్చి కూసున్నడా?"

"కూసున్నడు అమ్మగారూ."

"అయితే జర మా ఇంటిదాక రా బిడ్డా. ఎట్ల పిలిచినవో మా అయ్యగారికి చెప్పు. ఇన్నేండ్ల సంది పిలుస్తనే ఉన్నడు గని, ఆయన దగ్గరికి ఒక్కనాడు గూడ రాలేదట."