పాకం చూసే వేళ్లు

"నాన్న తర్వాత ఈ పొయ్యి కొడుకుదే. రేపట్నుంచి నువ్విటు రాకు," అంటూ అన్న చెల్లెలి చెయ్యి పట్టి లాగాడు.

రాగి బాణలిలో పంచదార పాకం కుతకుతలాడుతోంది. మిఠాయి బిళ్లలకు పాకం కుదిరిందో లేదో చెప్పే థర్మామీటరు ఇంకా ఆ కార్ఖానాకి రాలేదు. ఒకప్పుడు నాన్న, ఇప్పుడు చెల్లెలు, మరిగే పాకంలో వేళ్లు ముంచి చెప్పేవాళ్లు.

"పాకం చూడటం నీకు రాదన్నయ్యా."

చెంప ఛెళ్లుమంది. ఆమె బల్లకు కొట్టుకుని పడింది. పెదవి చిట్లింది. జుట్టు పట్టి లేపి మళ్లీ కొట్టాడు.

"వేలు ముంచి తీయడం కూడా ఓ విద్యేనా? నువ్వు చేసింది నేను చేయలేనా?" అని చొక్కా చేతులు మడిచాడు.

ఆమె పొయ్యి దగ్గర్నుంచి తప్పుకుంది. దడుచుకుందనుకుని నవ్వి, వేళ్లు పాకంలో ముంచాడు.

కార్ఖానా దద్దరిల్లేలా అరిచాడు. విదిలించినకొద్దీ పాకం మరింత పట్టుకుంటోంది. లాగితే చర్మం దాంతోపాటే వస్తోంది.

"నీళ్లు! నీళ్లెక్కడే?"

నాన్నయినా, ఆమెయినా, ముందు చన్నీళ్లలో తడిపిన వేళ్లనే పాకంలో పెట్టి, రెప్పపాటులో మళ్లీ నీళ్లలో ముంచేవాళ్లు. అన్న చిన్నప్పట్నుంచీ చూసింది పాకంలో వేళ్లు మాత్రమే.

పొయ్యి పక్కన ఎప్పుడూ ఉండే చన్నీళ్ల గిన్నె ఇప్పుడు ఆమె చేతుల్లో ఉంది. తప్పుకున్నప్పుడే తీసుకుంది.

"ఇక్కడున్నాయన్నయ్యా, ఇస్తాను," అని, ముందు తన పెదవి మీది నెత్తురు కడుక్కుంది. తీరిగ్గా.